పాదరసం లేని ట్యూబ్‌లైటుకి ఫాస్ఫర్: ఆ 190 శాతం ఎక్కడికి పోతోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. యూరియాతో దహన పద్ధతిలో యూరోపియం కలిపిన యిట్రియం ఆక్సైడ్ పొడి తయారు చేశారు. 254 నానోమీటర్ల యూవీ దీపం కింద పెడితే ఎర్రగా, ధగధగా వెలిగింది. ఇప్పుడు ఆ దారిలోనే పాదరసం అక్కర్లేని జెనాన్ వాయువు దీపానికి పనికొచ్చే ఫాస్ఫర్, అంటే కంటికి కనిపించని యూవీ కాంతిని మింగి కనిపించే కాంతిగా ఇచ్చే పొడి, చేయాలనుకుంటున్నారు. లిథియం గాడోలినియం ఫ్లోరైడ్‌లో 190 శాతం క్వాంటమ్ సామర్థ్యం, అంటే మింగిన వంద ఫోటాన్లకి (కాంతి రేణువులకి) 190 ఫోటాన్లు, వచ్చిందని చదివారు. ఏ హోస్ట్ (వెలిగే మూలకాన్ని తనలో పెట్టుకునే స్ఫటికం) పట్టుకుంటే 200కి దగ్గరగా వెళ్లగలమని అడుగుతున్నారు.

రెండు మాటలు ముందే చెప్పేస్తాను, తర్వాత కారణాలు. ఒకటి, 254 కింద బాగా వెలిగిందన్న సంగతి జెనాన్ దీపం విషయంలో మీకు దాదాపు ఏమీ చెప్పదు. రెండు, ఆ 190 తప్పు సంఖ్య కాదు గానీ, దీపానికి కావలసిన సంఖ్య కూడా కాదు. ఈ తేడా తెలియక నేను రెండేళ్లు పోగొట్టుకున్నాను, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మామూలు ట్యూబ్‌లైటు లెక్క ముందు చూద్దాం. లోపల ఉండేది కొద్ది మిల్లీగ్రాముల పాదరసం. గొట్టం గోడ 40 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు దాని ఆవిరి పీడనం ఒక పాస్కల్ కూడా ఉండదు. అంత పల్చటి ఆవిరి మనమిచ్చిన విద్యుత్తులో 60 శాతానికి పైగా 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిగా మార్చేస్తుంది. ఇంత పొదుపైన పరమాణువు మరొకటి దొరకకపోవడమే అసలు చిక్కు. అక్కడి నుంచి ఫాస్ఫర్ పని. ఒక యూవీ ఫోటాన్ మింగి ఒక దృశ్య ఫోటాన్ కక్కుతుంది. 254 నుంచి 550కి దిగేటప్పుడు శక్తిలో 46 శాతమే మిగులుతుంది, తక్కినది వేడి. వంద వాట్లు ఇచ్చారనుకోండి: 63 వాట్ల యూవీ, దాన్ని 0.46తో, ఫాస్ఫర్ సామర్థ్యం 0.9తో గుణిస్తే సుమారు 26 వాట్ల దృశ్యకాంతి. మూడు రంగుల ఫాస్ఫర్ల తెలుపుకి వాటుకి 340 ల్యూమెన్ల చొప్పున వేసుకుంటే, ఇచ్చిన ప్రతి వాటుకీ 88 ల్యూమెన్లు. మంచి ట్యూబ్‌లైట్లు ఇచ్చేది కూడా ఆ చుట్టుపక్కలే.

ఇప్పుడు పాదరసం తీసేసి జెనాన్ పెట్టండి. తక్కువ పీడనంలో అది ముఖ్యంగా 147 నానోమీటర్ల గీత ఇస్తుంది. పీడనం పెంచితే రెండు జెనాన్ పరమాణువులు క్షణకాలం జతకట్టి విడిపోతూ 172 దగ్గర వెడల్పాటి పట్టీ ఇస్తాయి. మనకు కావలసింది ఈ 172. విడిపోయాక ఆ జంట అంటూ ఉండదు కాబట్టి, వచ్చిన కాంతిని జెనానే తిరిగి మింగేసే బెడద లేదు. ఎలక్ట్రోడ్లు గాజు బయట పెట్టి, కరెంటును చిన్న చిన్న పల్సులుగా కొడితే డిశ్చార్జ్ సామర్థ్యం 60 శాతం దాకా వెళ్తుంది. అంటే గ్యాస్ వైపు పాదరసంతో దాదాపు సరిసమానం. కానీ 172 నుంచి 550కి దిగితే మిగిలేది 31 శాతమే. అదే లెక్క వేయండి: 60ని 0.31తో, 0.9తో గుణిస్తే 17 వాట్ల లోపు. వాటుకి 57 ల్యూమెన్లు. అదీ కాగితం మీద. డ్రైవర్ నష్టాలు, పూత లోపల ఇరుక్కుపోయే కాంతి తీసేస్తే ఇంకా కిందికి.

ఇక్కడ ఒక నిమిషం ఆగండి. ఈ 57లో ఫాస్ఫర్‌ది దోషం ఎక్కడుంది? 0.9ని 1.0 చేసినా 63. అంటే ఒక ఫోటాన్‌కి ఒక ఫోటాన్ ఇచ్చే పద్ధతిలో ఎంత గొప్ప పొడి తయారు చేసినా ట్యూబ్‌లైటును అందుకోలేం. వాటుకి 150 ల్యూమెన్లు దాటే తెల్ల ఎల్‌ఈడీలు మామూలుగా దొరుకుతున్న రోజుల్లో ఎవరూ కన్నెత్తి చూడరు. పత్రికల్లో వచ్చే చాలా వ్యాసాలు "పాదరస రహిత దీపాలకు అనువైనది" అని ముగిసిపోతాయి, ఈ గుణకారం ఒక్కటి మాత్రం వేయరు. మీరు మొదటి పేజీలోనే వేసెయ్యండి.

దీన్ని దాటే ఒకే ఒక్క దారి, ఒక ఫోటాన్ మింగి రెండు ఇవ్వడం. 172 నానోమీటర్ల ఫోటాన్‌లో 7.2 ఎలక్ట్రాన్ వోల్టులున్నాయి, ఆకుపచ్చ ఫోటాన్‌కి 2.2 చాలు. పెద్ద నోటు విడిపించి రెండు చిన్న నోట్లు తీసుకున్నట్టే, శక్తి నియమానికి ఏ ఇబ్బందీ లేదు. దీన్నే క్వాంటమ్ కటింగ్ అంటున్నారు.

ఇది కొత్త ఆలోచన కాదు. 1974లోనే రెండు బృందాలు వేరువేరుగా యిట్రియం ఫ్లోరైడ్‌లో ప్రసియోడీమియం పెట్టి చూపించాయి. ఆ అయానుకి (విద్యుదావేశమున్న పరమాణువుకి) పైన ఒక ఒంటరి శక్తి మెట్టు ఉంది. అక్కడి నుంచి ఒక ఫోటాన్ వదిలి మధ్య మెట్టు మీదికి దిగుతుంది, అక్కడి నుంచి రెండో ఫోటాన్ వదిలి ఇంకా కిందికి. లెక్క ప్రకారం సామర్థ్యం 140 శాతం దాకా వచ్చింది. మరి యాభై ఏళ్లుగా అది దీపంలో ఎందుకు లేదు? మొదటి ఫోటాన్ 405 నానోమీటర్ల దగ్గర వస్తుంది. ఊదారంగు అంచు అది. 555 దగ్గర కంటికున్న చురుకుతో పోలిస్తే అక్కడ వెయ్యో వంతు కూడా లేదు. ఫోటాన్లు రెండొచ్చాయి గానీ కంటికి ఆనేది ఒక్కటే. ఆ 405ని పట్టుకుని రంగు మార్చడానికి మాంగనీస్ లాంటి రెండో అయాను కలిపి చూశారు. బదిలీ సరిగ్గా జరగక చాలావరకు నిరాశే మిగిలింది.

ప్రసియోడీమియానికి మరో షరతు ఉంది, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది. దాని 5డి పట్టీ (ఎలక్ట్రాన్ ఎక్కగల మరో శక్తి స్థాయి) ఆ ఒంటరి మెట్టు కంటే పైన ఉండాలి, అప్పుడే ఎలక్ట్రాన్ మెట్టు మీదికి చేరుతుంది. హోస్ట్ స్ఫటికం అయానును గట్టిగా బిగించి పట్టుకుంటే 5డి కిందికి జారిపోతుంది, ఇక మెట్లాట లేదు, నేరుగా యూవీ కాంతి విరజిమ్మి ఊరుకుంటుంది. అందుకే పట్టు వదులుగా ఉండే ఫ్లోరైడులు, లేదా అయాను చుట్టూ ఎక్కువ మంది పొరుగువాళ్లుండే కొన్ని అల్యూమినేట్లు, బోరేట్లు మాత్రమే కుదురుతాయి.

తర్వాత 1999లో సైన్స్ పత్రికలో మీరు చదివిన గాడోలినియం-యూరోపియం జంట వచ్చింది, యుట్రెక్ట్ విశ్వవిద్యాలయం నుంచి. నిజంగా అందమైన పని, ఇప్పటికీ నా విద్యార్థుల చేత బోర్డు మీద గీయిస్తాను. 202 నానోమీటర్ల కాంతి గాడోలినియాన్ని 6.1 ఎలక్ట్రాన్ వోల్టుల ఎత్తుకి లేపుతుంది. అక్కడి నుంచి అది 4.0 ఎత్తుకి దిగుతూ, ఆ 2.1 తేడాను పక్కనున్న యూరోపియానికి అందిస్తుంది. యూరోపియం ఎర్రగా ఒక ఫోటాన్ ఇస్తుంది. మిగిలిన 4.0 ఒక గాడోలినియం నుంచి ఇంకో గాడోలినియానికి చేతులు మారుతూ వెళ్లి, ఇంకో యూరోపియాన్ని లేపుతుంది, అది రెండో ఎర్ర ఫోటాన్. రెండూ కంటికి కనబడేవే. ప్రసియోడీమియం లోపం ఇక్కడ లేదు.

ఇక అసలు విషయం. ఆ 190 అనేది, పడ్డ ఫోటాన్లు ఎన్ని, వచ్చినవి ఎన్ని అని లెక్కపెట్టి తేల్చింది కాదు. ఉద్గార వర్ణపటంలో వేర్వేరు గీతల ఎత్తులు పోల్చి, "గాడోలినియం మింగిన ప్రతి వంద ఫోటాన్లకి యూరోపియానికి చేరినవి ఇన్ని" అని కట్టిన లెక్క. వందలో గాడోలినియం ఎన్ని మింగిందన్నది అందులో లేదు. గాడోలినియం 202 దగ్గర చేసే శోషణ నిషిద్ధ సంక్రమణం (క్వాంటమ్ నియమాలు సులువుగా జరగనివ్వని మార్పు), చాలా బలహీనం. పొడి మీద పడ్డ కాంతిలో కొంత వెనక్కి చెదిరిపోతుంది, కొంత స్ఫటికంలోని లోపాలు, ఆక్సిజన్ మలినాలు మింగేస్తాయి. తర్వాత వేరే బృందం పడ్డ ఫోటాన్లతో సహా లెక్కగట్టి కొలిస్తే తేలింది మూడో వంతు దగ్గర. 190 ఎక్కడ, 32 ఎక్కడ! రెండూ నిజమే, అడిగిన ప్రశ్నలు వేరు.

పైగా జెనాన్ 202 ఇవ్వదు. 172 ఫోటాన్‌ను మింగి, ఆ శక్తిని గాడోలినియం పై మెట్టుకి, అంటే 6.1కి పైన అప్పగించే మధ్యవర్తి కావాలి. హోస్టే మింగినా, ఇంకో అయాను మింగినా, మధ్యలో శక్తి కాస్త జారి 4.0 మెట్టుకి నేరుగా దిగిందంటే మొదటి ఫోటాన్ పోయినట్టే, మళ్లీ ఒకటికి ఒకటే. నా దృష్టిలో ఈ రంగంలో ఇంకా తెరవని తలుపు ఇదొక్కటే. కొత్త కొత్త హోస్టుల్లో గాడోలినియం-యూరోపియం పెట్టి "అంతర్గత సామర్థ్యం 180" అని రాసిన వ్యాసాలకు కొదవలేదు. 172 దగ్గర బలంగా మింగి పై మెట్టుకి అందించే మధ్యవర్తిని చూపించినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. థీసిస్‌కి కష్టమైన ప్రశ్నే కావాలంటే ఇది తీసుకోండి. మూడేళ్లలో తేలకపోవచ్చని తెలిసే తీసుకోండి.

మీ యిట్రియం ఆక్సైడ్ సంగతికొస్తాను. 254 దగ్గర అది వెలగడానికి కారణం, ఆక్సిజన్ నుంచి యూరోపియానికి ఎలక్ట్రాన్ దూకే ఛార్జ్ ట్రాన్స్‌ఫర్ పట్టీ సరిగ్గా అక్కడే ఉండడం. పాదరస దీపానికి అంతకంటే మంచి ఎరుపు లేదు. 172 దగ్గర కథ మారిపోతుంది. అక్కడ మింగేది యూరోపియం కాదు, హోస్ట్. కాంతి గింజ లోపలికి వెళ్లకుండా పైపొరలోనే ఆగిపోతుంది. అక్కడ పుట్టిన ఎలక్ట్రాన్, రంధ్రం (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ) యూరోపియం దాకా చేరే లోపే ఉపరితలం మీద ఉన్న లోపాల్లో పడిపోతాయి. అందులోనూ మీది దహన పద్ధతి. ఆ పద్ధతి మీద నాకు గౌరవమే, అయిదు నిమిషాల్లో పొడి చేతికొస్తుంది. కానీ అలా వచ్చే నురుగులాంటి సన్నపొడికి ఉపరితలం విపరీతం, మిగిలిపోయిన కార్బొనేట్, హైడ్రాక్సిల్ కూడా ఉంటాయి. వ్యాక్యూమ్ యూవీలో, అంటే 172 లాంటి గాలి మింగేసే యూవీలో, ఉపరితలమే శత్రువు. కొన్ని మైక్రాన్ల సైజులో, గట్టిగా స్ఫటికీకరించిన గింజలు కావాలి. అంటే మళ్లీ పాత ఘనస్థితి పద్ధతే: తగిన ఫ్లక్స్ (గింజలు పెరగడానికి కలిపే, కరిగే లవణం), ఎక్కువ ఉష్ణోగ్రత, ఓపిక. నానో అన్న మాట శీర్షికలో ఉంటే వ్యాసానికి మంచిదేమో, దీపానికి మాత్రం చెడు.

172 కింద నిలబడిన పొడులు ప్లాస్మా టీవీల కాలంలో బాగా నలిగినవే. ఎరుపుకి యిట్రియం గాడోలినియం బోరేట్‌లో యూరోపియం. బోరేట్ సమూహం ఆ ప్రాంతంలో బాగా మింగుతుంది, గాడోలినియం మధ్యలో చేయందిస్తుంది. కాకపోతే ముఖ్య గీత 593 దగ్గర కాబట్టి ఎరుపు కాస్త నారింజకి తిరుగుతుంది. ఆకుపచ్చకి జింక్ సిలికేట్‌లో మాంగనీస్. రంగు బంగారం, కానీ వెలిగి ఆరడానికి మిల్లీసెకన్లు తీసుకుంటుంది కాబట్టి బలంగా ఉత్తేజపరిస్తే సంతృప్తమైపోతుంది. నీలానికి బామ్, అంటే బేరియం మెగ్నీషియం అల్యూమినేట్‌లో రెండు ఆవేశాల యూరోపియం. సామర్థ్యంలో దానికి సాటి లేదు, తలనొప్పిలోనూ లేదు.

బామ్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే దీపం చివరికి దీనివల్లే చస్తుంది. దాని స్ఫటికంలో గట్టి పలకల మధ్య వదులు పొరలుంటాయి, యూరోపియం ఆ వదులు పొరలో కూర్చుంటుంది. పూతకి వాడిన బైండర్‌ను (పొడిని పట్టి ఉంచే జిగురును) కాల్చేయడానికి గాలిలో 400–500 డిగ్రీలకు తీసుకెళ్తారు కదా, అప్పుడే ఆక్సిజన్ ఆ పొరల్లోకి చొరబడి కొంత యూరోపియాన్ని మూడు ఆవేశాలకు ఎక్కిస్తుంది. దాంతో నీలం తగ్గుతుంది. నీటి ఆవిరికి కూడా అదే దారి. తర్వాత దీపం వెలుగుతున్నంతసేపూ వ్యాక్యూమ్ యూవీ, జెనాన్ అయాన్లు పైపొరను కొడుతూనే ఉంటాయి. మేమొకసారి చక్కటి నీలం పొడి చేసి, పూతపూసి, కాల్చి, దీపం వెలిగిస్తే మొదటి గంటలోనే తెలుపు పసుపుకి తిరిగింది. నెల రోజులు పొడి కూర్పు మారుస్తూ కూర్చున్నాం. తప్పు కూర్పులో లేదు, కాల్చిన ఫర్నేస్ దగ్గర గాలిలో తేమ ఎక్కువ. కాబట్టి పొడి స్థితిలో కొలిచిన సంఖ్యతో తృప్తిపడకండి. ఒక చెంచా పొడిని అరగంట 500 డిగ్రీల గాలిలో కాల్చి మళ్లీ కొలవండి. గింజల మీద రక్షణ పొర వేయడం మంచి ఉపాయమే, కాకపోతే ఆ పొర 172ని తానే మింగకూడదు. 254ని దాటనిచ్చే ఆక్సైడులు చాలా ఇక్కడ గోడలైపోతాయి.

ఫ్లోరైడులు చేయబోతే జాగ్రత్త. గాలిలో కాల్చితే ఆక్సిజన్ దూరి ఆక్సీఫ్లోరైడ్ అవుతుంది. ఎక్స్-రే డిఫ్రాక్షన్‌లో కనిపించనంత ఆక్సిజన్ కూడా వ్యాక్యూమ్ యూవీలో తన శోషణ పట్టీతో వచ్చి కూర్చుంటుంది. అమ్మోనియం ఫ్లోరైడ్ కలిపి జడవాయువులో కాల్చడం మామూలు మార్గం. అప్పుడు వచ్చే హైడ్రోజన్ ఫ్లోరైడ్ వాయువు ఎముక దాకా తినేస్తుంది. పొగను పీల్చే ఏర్పాటు, కాల్షియం గ్లూకోనేట్ జెల్ దగ్గర లేకుండా మొదలుపెట్టొద్దు. పొడిని కాల్చే మూస (క్రూసిబుల్) కూడా అల్యూమినా పనికిరాదు, ప్లాటినం గానీ గ్లాసీ కార్బన్ గానీ కావాలి.

కొలత గురించి. 172 దగ్గర గాలిలోని ఆక్సిజనే కాంతిని మింగేస్తుంది, కాబట్టి దారంతా శూన్యమో, నైట్రోజనో ఉండాలి. మామూలు ఫ్లోరోమీటర్ కుదరదు. డ్యూటీరియం దీపం, మెగ్నీషియం ఫ్లోరైడ్ కిటికీ కావాలి. పోలికకి సోడియం సాలిసిలేట్ పూత వాడతారు, ఆ ప్రాంతంలో తరంగదైర్ఘ్యం మారినా దాని స్పందన దాదాపు ఒకేలా ఉంటుందని. అదే మమ్మల్ని ముంచింది. ఒక ఫ్లోరైడ్ నమూనా 160 శాతానికి పైగా చూపించింది. రెండు వారాలు నేల మీద నడవలేదు మేము. చివరికి తేలిందేమిటంటే, సాలిసిలేట్ పూత పాతబడి, పంపు నూనె ఆవిరి పట్టి మసకబారింది. కొలబద్ద కుంచించుకుపోతే అందరూ పొడుగే. కొత్త పూత వేసి కొలిస్తే 70 లోపు. అప్పటి నుంచి మా ప్రయోగశాలలో ఒక నియమం: ప్రతి కొలతకీ ముందూ వెనుకా బామ్ కొలవాలి. అది కుదరకపోతే ఆ రోజు సంఖ్యలు చెత్తబుట్టకే.

మరి ఇదంతా ఎందుకు, ఎల్‌ఈడీ ఉందిగా అంటారా? తెల్లటి వెలుగుకైతే నేనూ అదే అంటాను. పాదరసం వాడకాన్ని అరికట్టే అంతర్జాతీయ మినమాటా ఒప్పందం 2017లో అమల్లోకి వచ్చింది. 2023లో జరిగిన సమావేశంలో గొట్టపు ఫ్లోరోసెంట్ దీపాలకు కూడా రకాన్ని బట్టి 2026, 2027 గడువులుగా ఒప్పుకున్నారు. ఆ ఖాళీని జెనాన్ దీపం నింపబోవడం లేదు, ఎల్‌ఈడీ ఇప్పటికే నింపేసింది. స్విచ్ వేయగానే పూర్తి వెలుగు రావాల్సిన చోట, చలికి మసకబారకూడని చోట, స్కానర్లు, కాపీ యంత్రాల్లో జెనాన్‌కి ఒక మూల దొరికింది, అంతే.

కానీ క్రిమిసంహారక దీపాల దగ్గర లెక్క తిరగబడుతుంది. నీళ్లు, గాలి శుద్ధి చేసే యూవీ-సి (పొట్టి తరంగాల అతినీలలోహిత) దీపాలు ఇంకా ఎక్కువగా పాదరసంతోనే నడుస్తున్నాయి. యూవీ-సి ఎల్‌ఈడీల సామర్థ్యం ఇంకా చాలా తక్కువ. ఇక్కడ 172ని 550కి దించక్కర్లేదు, 240–265 మధ్యకి దించితే చాలు, సూక్ష్మజీవుల డీఎన్‌ఏ బాగా మింగేది అక్కడే. యిట్రియం ఫాస్ఫేట్‌లో బిస్మత్ 241 దగ్గర వెలుగుతుంది: 172ని 241తో భాగిస్తే 0.71. అంటే ఇలా దిగడంలో పోయే శక్తి (స్టోక్స్ నష్టం) 29 శాతమే. 60ని 0.71తో, 0.8తో గుణించండి, వందకి 34 వాట్ల యూవీ-సి. పాదరస క్రిమిసంహారక దీపాలు ఇచ్చే 30–40తో సమానంగా పోటీ పడుతుంది, ఏ క్వాంటమ్ కటింగూ లేకుండానే.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న ప్రసియోడీమియం ఇక్కడ తిరిగొస్తుంది. 5డి పట్టీ కిందికి జారితే క్వాంటమ్ కటింగ్ చెడుతుందన్నాను. ఫాస్ఫేట్లలో జరిగేది అదే, అప్పుడది యూవీ-సిలోనే వెలుగుతుంది. తెల్ల దీపం చేసేవాళ్లు పారేసే హోస్టులన్నీ ఇక్కడ పనికొచ్చే సరుకు. హోస్టును మార్చి ఆ ఉద్గారాన్ని ఎటు జరపాలి, శక్తి తక్కిన మెట్ల మీదికి జారిపోకుండా ఎలా ఆపాలి, బిస్మత్ పొడి డిశ్చార్జ్‌లో కాలం గడిచేకొద్దీ ఎందుకు మందగిస్తుంది, దాన్ని ఏ పొర ఆపుతుంది — ఇవి ఒక విద్యార్థి మూడేళ్లలో తేల్చగల ప్రశ్నలు. మీకున్న పరికరాలను బట్టి నేనైతే ఇటే తోస్తాను.

ఏ దారి పట్టినా మీరు ముందు చేయాల్సిన పని ఒకటే. ఇప్పుడు మీ దగ్గరున్న ఆ ఎర్ర పొడిని, దాంతోపాటు మీరు కొనగలిగిన ఏదో ఒక వాణిజ్య బామ్ నమూనాను, 140 నుంచి 260 నానోమీటర్ల దాకా ఉత్తేజ వర్ణపటం, పరావర్తన వర్ణపటం తీయించండి. మీ దగ్గర సదుపాయం లేకపోతే సింక్రోట్రాన్ (బలమైన యూవీ, ఎక్స్-రే కాంతి ఇచ్చే పెద్ద యంత్రం) బీమ్‌లైన్లకు బయటివాళ్లూ సమయం కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. 172 దగ్గర మీ పొడి ఎంత మింగుతోంది, మింగినదాంట్లో ఎంత తిరిగిస్తోంది, ఈ రెండూ విడివిడిగా చేతికొచ్చాక ఇక్కడే పెట్టండి. అంతవరకు తర్వాతి బ్యాచ్ ఫర్నేస్‌లోకి ఎక్కించకండి.